ఢిల్లీ గడ్డి, కాటుక జొన్న

మా తోడికోడలు దేవవ్వకు చందుర్తిని మించిన ఊరు లోకంలో లేదు. అది ఆమె పుట్టిల్లు. పప్పులో చింతపండు ఎంత వేయాలన్నా, బర్రెకు జ్వరమొస్తే ఏం తాగించాలన్నా "మా చందుర్తిల గిట్ల చెయ్యరు" అని మొదలుపెట్టేది. "మీ చందుర్తిల కోళ్లు గూడ తానం చేసే గుడ్డు పెడ్తయట గద అక్కా" అని నేనంటే చేతిలో ఏముంటే అది విసిరేది. ఒక్కనాడూ తగలలేదు. తగలాలని విసిరితే గదా.

నా పేరు చిన్నవ్వ. రాయికల్ నుంచి కోరుట్ల పోయే తోవలో మా ఊరు. ఊరి బయట మా వాడ. ఆమె మొగుడు ఆగయ్య అన్న, నా మొగుడు ఐలయ్య తమ్ముడు. అత్తమామలు పోయినా మేం వేరు పడలేదు. ఒకే వాకిలి, ఒకే పొయ్యి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో రొట్టె కొట్టడం రాక ఏడుస్తుంటే నా చేతుల మీద తన చేతులు పెట్టి నేర్పింది దేవవ్వే. ఆ మాట ముందే చెప్పుకోవాలి.

అన్నదమ్ములిద్దరూ ఒక తల్లి కడుపునే పుట్టారంటే ఎవరూ నమ్మరు. ఆగయ్య బావది పెద్ద నోరు. కూలీల సంఘం మీటింగంటే డప్పు ఆయనదే, జెండా ఆయనదే, అందరికంటే ముందు నడిచేదీ ఆయనే. పోలీసులు వాడకు వస్తే మొదట ఆయన పేరే అడిగేవారు. మా ఐలయ్య దీపావళి పటాకులకు కూడా చెవులు మూసుకునే మనిషి. మీటింగుకు రమ్మంటే బర్రె తప్పిపోయింది, వెతకాలె అనేవాడు. ఇంత తిరుగుబోతు బర్రె జిల్లాలోనే లేదని వాడంతా నవ్వుకునేది. ఆ బర్రె పాపం గుంజకే కట్టి ఉండేది.

దొర దున్నకుండా పడావు పెట్టిన భూమిని సంఘం పంచినప్పుడు మా ఇంటికి రెండెకరాల చెలక, వానకు పండే నేల, వచ్చింది. తాతల నాటి నుంచి కూలికి తప్ప నాగలి పట్టని ఇల్లు మాది. మొదటి ఏడు జొన్న వేశాం. అక్కడక్కడ కంది కూడా. విత్తేటప్పుడు బావ నాగలి కడితే వెనక దేవవ్వ ఒడిలో నుంచి జొన్నలు వదిలేది. ఆమె పక్కన నేను కందులు వదిలేదాన్ని. ఇద్దరు ఆడవాళ్లు లేనిదే మా విత్తనం సాగదు.

ఆ చేను మాకు రెండు పాఠాలు చెప్పింది. మొదటిది ఢిల్లీ గడ్డి. కరువు పనికి కూలీ కింద ఉత్తరాది నుంచి సంచుల్లో జొన్నలు వచ్చేవి. వాటిని కొందరు తినకుండా విత్తుకున్నారట. వాటితోపాటే ఈ గడ్డి వచ్చింది. ఢిల్లీ సర్కారు పంపింది కాబట్టి ఢిల్లీ గడ్డి. చిన్నప్పుడు అచ్చం జొన్నమొక్కే. కాస్త ఎదిగాక ఆకు సన్నబడి, మొదలు ఎర్రబారి బయటపడుతుంది. పీకితే కింద తెల్లటి వేళ్లు పాకి ఉంటాయి. ఒక ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది. ఎండాకాలం దాకా దేవవ్వా నేనూ దాన్ని పీకుతూ, ఢిల్లీని తిడుతూ గడిపాం.

రెండోది కాటుక. కంకులు వేసి, గింజ నిండి, ఇంకేముంది కోతేనని సంబరపడుతుంటే దేవవ్వ ఒక కంకి తెంపి గింజ చిదిమింది. లోపల పిండి లేదు. నల్లటి పొడి ఆమె వేళ్లకు అంటింది. ఇంకో గింజ, అదీ అంతే. పైకి చూస్తే మంచి జొన్నే, కొంచెం పొడుగు, అంతకంటే తేడా లేదు. ఆమె చేనులోనే కూలబడింది. పంటలో మూడోవంతు అట్లాగే పోయింది. దొరికిన కాటుక కంకులన్నీ వేరు చేసి, "వీటిని కాల్చెయ్ మరిదీ, ఒక్కటి సుత కల్లంల పడద్దు" అని ఐలయ్యకు ఇచ్చింది. "రేపు కాలుస్త వదినే" అని ఆయన ఇంటి చూరులో దోపాడు. మా ఐలయ్యకు రేపు అనేది ఎన్నడూ వచ్చేది కాదు.

మళ్లీ విత్తే కాలం వచ్చింది. దేవవ్వ కుండలోని విత్తనం ముందు కూర్చుని, "మా చందుర్తిల విత్తే ముందు గంధకం కలుపుతరు" అంది. నేను నవ్వలేదు. కాటుక చూసినవాళ్లెవరూ నవ్వరు. గంధకం పొడి కలిపి మూత పెట్టి కుండను బాగా ఊపితే ప్రతి గింజకూ మందు పడుతుంది, కాటుక చచ్చిపోతుంది. వాళ్ల నాయన ఏటా చేసే పనే అది. బావ కోరుట్ల అంగడికి పోయి ఎరువుల దుకాణంలో ఒక పొట్లం కొన్నాడు.

తిరుగు బస్సులో పోలీసుల తనిఖీ జరిగింది. అంతకు ముందే ఎక్కడో రోడ్డు మీద నక్సలైట్లు కల్వర్టు పేల్చారు. గంధకం బాంబుల్లో వాడతారట. మాకేం తెలుసు? మాకు గంధకమంటే జొన్నల మందు. సంఘం డప్పు కొట్టే ఆగయ్య సంచిలో పసుపుపచ్చ పొట్లం దొరికేసరికి వాళ్లకు పండుగైంది. అదే బస్సులో ఉన్న మా వాడ సామేలు పరుగున వచ్చి చెప్పాడు.

"అన్నను దింపిండ్రు వదినే. బాంబులు చేస్తున్నవని కొట్టుకుంట జీపుల ఏసుకపోయిండ్రు."

ఆ రోజుల్లో జీపు ఎక్కిన మనిషి మళ్లీ నడిచి వస్తాడన్న నమ్మకం ఎవరికీ లేదు. దేవవ్వ ఏడవలేదు. చూరు కేసి చూసింది.

"మరిదీ, నువ్వు ఆ కంకులు కాల్చినవా?"

ఐలయ్య తల గోక్కున్నాడు. "రేపు కాలుద్దామనుకున్న వదినే..."

"నీ బద్దకం బంగారం గాను, తియ్యి" అంది.

సిరిసిల్ల నేతచీర కొంగులో ఆ కంకులు మూటకట్టుకుని ఆమె, వెనక నేను, పోలీసు టేషనుకు పోయాం. ఐలయ్య వస్తానంటే ఆమే వద్దంది. ఉన్న ఒక్క మగాణ్నీ పులి నోట్లో పెట్టలేనంది.

గేటు దగ్గర జవాను లోపలికి పోనివ్వలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఎండలో నిలబడ్డాం. లోపలి నుంచి బావ అరుపు ఒకసారి వినపడింది. దేవవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఆ గోరు గుర్తు చాలా రోజులు ఉంది.

చివరికి కొత్తగా వచ్చిన ఎస్సై బయటికొచ్చాడు. కోస్తా మనిషి, మాట నెమ్మది. "ఏమిటమ్మా?" అని అడిగాడు. అంతకు ముందు పోలీసు నోట మేం అమ్మా అనే మాట వినలేదు. అందుకే దేవవ్వకు ధైర్యం వచ్చిందనుకుంటాను.

"అది బాంబుల సామాను కాదు సారూ, జొన్నల మందు. గీ రోగానికి" అని కంకి తీసి, గింజ అరచేతిలో చిదిమి చూపింది.

ఆయన దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "మాదీ వ్యవసాయమే. వరి. రోగం వస్తే మొక్క చిన్నగా ఉన్నప్పుడే కలుపు తీసినట్టు పీకి పారేస్తే పోతుంది కదా? విత్తకముందే మందెందుకు?"

దేవవ్వ చుట్టూ చూసింది. టేషను గోడ వారన, తొలకరికి మొలిచి, మోకాలెత్తు ఢిల్లీ గడ్డి నిలబడి ఉంది. పోయి దాన్ని వేళ్లతో సహా పెకిలించుకొచ్చింది. జవాను తుపాకీ ఎత్తబోతే ఎస్సై చెయ్యి అడ్డం పెట్టాడు. ఒక చేతిలో గడ్డి, ఒక చేతిలో కంకి పట్టుకుని మా దేవవ్వ సర్కారుకు పాఠం చెప్పింది.

"గిది ఢిల్లీ గడ్డి సారూ. జొన్న లెక్కనే ఉంటది గని జొన్న కాదు. ఎంత పాడుదైనా దీని వేరు దీనికున్నది, దీని ఆకు దీనికున్నది. దీని కూడు ఇదే సంపాదించుకుంటది. కండ్లకు కనపడుతది, పీకుతం. మల్ల మొలుస్తది, మల్ల పీకుతం. దీనితోని మాకు భయం లేదు. గీ కాటుక అట్ల కాదు. దీనికి వేరు లేదు, ఆకు లేదు. జొన్న మొలిచిననాడే అందుల చేరి, దాని కూడే తిని బతుకుతది. చెట్టు పచ్చగనే ఉంటది, కంకి మంచిగనే ఏస్తది. మీరు చూసినా నేను చూసినా మంచి గింజనే అంటం. చిదిమినంకనే ఎరుకైతది. గప్పుడు ఎరుకై ఏం ఫాయిదా?"

"పక్క గింజలకు అంటుకుంటుందా?"

"కల్లంల ఒక్క గింజ పగిలితే కుప్పంత అంటుతది సారూ. అంటినట్టు సుత కనపడది. అందుకే విత్తకముందే చూసుకోవాలె."

ఆయన ఆ కంకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తానే ఒక గింజ చిదిమి, వేలికి అంటిన నలుపును చూశాడు. మాకు చాయ్ తెప్పించాడు. పొద్దు వాలేసరికి బావను వదిలేశాడు.

బావకు నడవరావడం లేదు. చెరో రెక్కా పట్టుకుని నడిపించుకొచ్చాం. ఆయన అంత దెబ్బల్లో ఉన్నా దేవవ్వ గేటు దగ్గర ఆగి, "సారూ, మరి మా గంధకం?" అని అడిగింది. జవాన్లు పగలబడి నవ్వారు. గంధకం ఇవ్వలేదు. పోతేపోయింది, మనిషి దక్కాడు. దారి పొడుగునా ఆమె పాఠాన్ని నేను వెక్కిరిస్తూ వచ్చాను. "చందుర్తిల పంతులమ్మలు గిట్లనే ఉంటరా అక్కా?" అన్నాను. బావ మూలుగుతూనే నవ్వాడు. వాకిట్లో ఐలయ్య తన అన్న కాళ్లు కడిగి, ఎవరూ చూడకుండా గోడ వెనక్కి పోయి ఏడ్చాడు. నేను చూశాను. నా పెళ్లైనప్పటి నుంచి నేను అంత సంతోషంగా ఉన్న రోజు అదే.

ఆ ఏడు మందు లేకుండానే విత్తాం. జొన్న నడుమెత్తు ఎదిగిన రోజుల్లో తెల్లవారుతూనే వాడలోకి జీపు వచ్చింది.

బావే ముందుకు పోయాడు. ఎవరి కోసం వచ్చారో ఆయనకు అనుమానమే లేదు. రుమాలు దులిపి భుజాన వేసుకుని చేతులు ముందుకు చాపాడు. ఎస్సై ఆయనను చూసి తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు కాదు. నువ్వు గడ్డివి. ఎక్కడ మొలుస్తావో మాకు తెలుసు, ఎప్పుడైనా పీకుతాం." తర్వాత మా వాకిట్లోకి చూసి, "ఏ మీటింగుకూ రానివాడు, ఏ జెండా పట్టనివాడు, అందరూ మంచోడనే తమ్ముడు ఒకడున్నాడుగా. వాణ్ని తీసుకురండి" అన్నాడు.

ఐలయ్య అప్పుడు చొప్పకట్టలు లోపల వేస్తున్నాడు. మా ఆయనతోపాటు వాడలో ఇంకో ఇద్దరు నెమ్మదస్తులను పట్టుకున్నారు. సంఘంలో పేరు మోసిన వాళ్లెవరినీ ముట్టలేదు.

దేవవ్వ జీపుకు అడ్డం పడింది. "సారూ, వాడు అమాయకుడు. వానికేం ఎరుక లేదు. పటాకులకే భయపడుతడు."

ఆయన కోపంగా కూడా అనలేదు. పాఠం ఒప్పజెప్పినట్టే అన్నాడు. "పైకి మంచి గింజే. చిదిమితే కదా తెలిసేది. నువ్వు చెప్పిందే కదమ్మా."

ఐలయ్య నా వైపు చూసి, "ఏం తెల్వనోన్ని ఏమడుగుతరు? భయపడకు. ఆ రెండు కట్టలు సుత లోపలెయ్యి, వానొస్తది" అన్నాడు. నేను ఆ కట్టలు లోపల వేయలేదు. వానకు నానిపోయాయి.

మేం మళ్లీ ఆ గేటు దగ్గరికి పోయాం. ఈసారి దేవవ్వ చేతిలో ఏమీ లేదు. "నేను చెప్పింది జొన్న ముచ్చట సారూ, మనుషుల ముచ్చట కాదు" అని గేటు ఊచలు పట్టుకుని అరిచింది. లోపలి నుంచి ఎవరూ రాలేదు. మిగతా ఇద్దరినీ రెండు వారాలకు వదిలేశారు. వాళ్లలో ఒకడికి ఇప్పటికీ చెయ్యి లేవదు. మా ఐలయ్య అడవిలో ఎదురుకాల్పుల్లో చనిపోయాడని రేడియోలో వచ్చింది. జగిత్యాలలో శవాన్ని అప్పగించారు. పక్కన తుపాకీ దొరికిందన్నారు. పటాకులకు చెవులు మూసుకునే మనిషి తుపాకీ పట్టాడంటే నవ్వొచ్చే మాటే. నేను నవ్వలేదు, ఏడవనూ లేదు. గోర్లు ఊడిన ఆయన వేళ్లు చూసి చీర కొంగు కప్పాను.

కర్మకాండ అయ్యాక నేను వాకిట్లో వేరే పొయ్యి పెట్టుకున్నాను. దేవవ్వతో మాట బంద్ చేశాను. తప్పు ఆమెది కాదని వాడంతా చెప్పింది. ఆ మాట నాకు తెలియకనా? తెలిసినా నా కడుపు మంట చల్లారలేదు. బావ వాకిట్లో కూర్చుని అన్నం తింటుంటే, ఈ మనిషికి బదులు మా ఆయన పోయాడు కదా అనిపించేది. ఆ పాడు ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి లోపలికి పోయేదాన్ని. బావ డప్పు ముట్టడం మానేశాడు. దేవవ్వ నోట చందుర్తి మాటే రాలేదు. నా పొయ్యి పక్కన తెల్లవారేసరికి కట్టెలు ఉండేవి, కుండలో నీళ్లు ఉండేవి. ఎవరు పెట్టారో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆ ఏటి జొన్న సగానికి పైగా కాటుకే. కోతకు నేను పోలేదు.

మళ్లీ మృగశిర వచ్చింది. మా వాడ వాళ్లకు గంధకం అమ్మే దుకాణం కోరుట్లలో లేదు, జగిత్యాలలోనూ లేదు. అడిగితేనే భయపడి లోపలికి పోయేవారు. ఒక మధ్యాహ్నం వాకిట్లో దేవవ్వ చాట ముందు పెట్టుకుని కూర్చుంది. చాటలో విత్తనాల జొన్నలు. ఒక్కొక్క గింజా తీసి, చీర కొంగుతో తుడిచి, కుండలో వేస్తోంది. అదే సిరిసిల్ల చీర. నేను నా గడపలో కూర్చుని చూస్తున్నాను. పొద్దు వాలింది, ఆమె లేవలేదు. తెల్లారి మళ్లీ అదే పని. కుండ అడుగు కూడా నిండలేదు. రెండెకరాల విత్తనాన్ని అట్లా ఎవరు తుడుస్తారు? వేళ్లు ఒరుసుకుపోయాయి. కొంగు అంచు మాసి నల్లబడింది.

నాకు కోపమే వచ్చింది. ఆ కోపంలోనే లేచి పోయి ఎదురుగా నిలబడ్డాను. ఏడాదికి నోరు పెగిలింది.

"తుడిస్తే పోతదా అక్కా?"

ఆమె తలెత్తలేదు. "పోదు."

"పోదని ఎరుకే గద. మరేంటికి తుడుస్తున్నవ్?"

ఆమె చేతిలో గింజ అట్లాగే ఉంది. "నా నోరు మంచిది కాదు చెల్లే" అంది. "నేనే మరిదిని చూపిచ్చిన. ఏలు పెట్టి చూపిచ్చినట్టె చూపిచ్చిన. గా సారు అడిగితే అన్నీ చెప్పిన. ఎట్ల దాసుకుంటది, ఎట్ల కనపడది, అన్నీ చెప్పిన. గడ్డి ముచ్చట చెప్పి ఊకుంటే ఏం పోతుండె?"

ఆమె భుజాలు కదులుతున్నాయి కానీ ఏడుపు వినపడటం లేదు. ఏడాదిగా ఆమె ఇట్లాగే ఏడ్చి ఉంటుంది, గోడకు ఇవతల నాకు వినపడకుండా. నాకు దుఃఖం ఆగలేదు. ఐలయ్యను చూసినప్పుడు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

"నువ్వు జొన్న ముచ్చట చెప్పినవ్ అక్కా. నీ మొగన్ని బతికించుకుంటందుకు చెప్పినవ్. నీ జాగల నేనుంటే నేను సుత చెప్పెటిదాన్ని."

ఆమె నా కాళ్ల మీద పడబోయింది. నేను పడనివ్వలేదు. ఇద్దరం అట్లాగే కూర్చుండిపోయాం. బావ నాగలి సవరిస్తున్నవాడు, మమ్మల్ని చూసి బయటికి పోయాడు.

కొంతసేపటికి ఆమె మళ్లీ చాటలో చెయ్యి పెట్టింది. గింజ తీసింది, తుడిచింది, కుండలో వేసింది. వద్దని చెబుదామనుకున్నాను.

చాటను ఇద్దరి మధ్యకు జరుపుకుని, నా కొంగు కొస పట్టుకుని, నేనూ ఒక గింజ తీశాను.